ఇంటర్న్‌షిప్ పాఠం వీడియో చూసుకొని గొంతు, హావభావాలు సరిచేసుకునుడు ఎట్ల?

ప్రశ్న: బీఎడ్_ఫిజికల్‌సైన్స్_హనుమకొండ

అందరికి నమస్తే. బీఎడ్ రెండో సంవత్సరం, ఫిజికల్ సైన్స్ మెథడ్. జెడ్పీ హైస్కూల్‌ల ఇంటర్న్‌షిప్ నడుస్తున్నది. ఎనిమిదో తరగతికి చెప్పే పాఠాలు కొన్ని ఫోన్‌ల వీడియో తీసి, చూసుకొని రిఫ్లెక్టివ్ జర్నల్ (మన పాఠాన్ని మనమే పరిశీలించుకొని రాసే నోట్సు) రాయాలె. బాడీ లాంగ్వేజ్, వాయిస్ మీద ప్రత్యేకంగ రాయమన్నరు. వీడియో చూస్తే నా మొఖం, నా గొంతు తప్ప ఇంకేం కనవడుతలేదు. "కాన్ఫిడెన్స్ పెరగాలి, గొంతు ఇంకా పెద్దగా ఉండాలి" అని రాస్తే అది రిఫ్లెక్షన్ కాదంటున్నరు. ఫోన్ ఎక్కడ పెట్టాలె, వీడియోల ఏం చూడాలె, ఎట్ల రాయాలె? చేసినోళ్లు, చేయించినోళ్లు వివరంగ చెప్పుండ్రి.

జవాబు: మెథడ్_లెక్చరర్

మీరు రాసిన రెండు వాక్యాలూ అభిప్రాయాలు. వీడియో ఉన్నది అభిప్రాయం కోసం కాదు, లెక్క కోసం. "కాన్ఫిడెన్స్ తక్కువ" అని రాస్తే రేపు క్లాసులో ఏం మార్చాలో తెలియదు. "3 నిమిషాల 40 సెకన్ల దగ్గర ప్రశ్న అడిగి, ఎవరూ నోరు తెరవకముందే బోర్డు వైపు తిరిగాను" అని రాస్తే రేపు ఏం చేయాలో ఆ వాక్యంలోనే ఉంది.

ముందు ఫోన్ సంగతి. మన బడుల్లో గదికి ఒక పక్కంతా కిటికీలుంటాయి. ఫోన్ కిటికీకి ఎదురుగా చూస్తే మీరు నల్లటి నీడలా పడతారు, కళ్లు ఎటు చూస్తున్నాయో తెలియదు. అందుకని కిటికీల పక్క వెనుక మూలలో పెట్టండి, వెలుతురు ఫోన్ వెనుక నుంచి రావాలి. ఎత్తు నాలుగున్నర అడుగుల చుట్టూ ఉండాలి. బెంచీ మీద పెడితే ముందున్న పిల్లల తలలే వస్తాయి. ట్రైపాడ్ లేకపోతే కిటికీ ఊచకు రబ్బరు బ్యాండ్లతో కట్టినా నిలుస్తుంది. ఫోన్ అడ్డంగా ఉండాలి, బోర్డు మొత్తం, టేబుల్, మొదటి రెండు వరుసలు ఫ్రేమ్‌లోకి రావాలి. ఫ్లైట్ మోడ్ తప్పనిసరి. ఫోన్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది, ఆ సంగతి పీరియడ్ అయ్యాకే తెలుస్తుంది. 720పి చాలు. 1080పి పెడితే నిమిషానికి 100 ఎంబీ దాటొచ్చు, పీరియడ్ మొత్తం తీస్తే మెమరీ నిండిపోతుంది.

మొదటి పీరియడ్ రికార్డింగ్ చూడాల్సిన పని లేదు. పిల్లలు ఫోన్‌నే చూస్తుంటారు, మీరూ ఫోన్ కోసమే చెప్తుంటారు. ఒకటి రెండు పీరియడ్లు ఊరికే పెట్టి ఉంచితే అది గోడకున్న క్యాలెండర్‌లాంటిదైపోతుంది.

చూసే పద్ధతే అసలు విషయం. వీడియో తెరవకముందు, ఆ రోజే, పాఠం ఎట్లా జరిగిందనుకుంటున్నారో ఐదారు వాక్యాలు రాసిపెట్టుకోండి. తర్వాత ఒక్క మూడు నాలుగు నిమిషాల ముక్క ఎంచుకోండి. కొత్త భావన పరిచయం చేసిన చోటైతే మంచిది. ఆ ముక్కను నాలుగుసార్లు, ప్రతిసారీ ఒక్కదాని కోసమే చూడాలి.

ఒకసారి శబ్దం తీసేసి, రెండింతల వేగంతో. మామూలు వేగంలో కంటికి ఆనని అలవాట్లు ఇందులో బయటపడతాయి: రెండడుగులు ముందుకు రెండడుగులు వెనక్కి ఊగడం, చేయి మాటిమాటికీ జేబులోకో చున్నీ మీదికో పోవడం, ఒకే బెంచీ పక్కన నిలబడిపోవడం. ఇంకోసారి ఫోన్ బోర్లించి, శబ్దం మాత్రమే. మూడోసారి మిమ్మల్ని వదిలేసి పిల్లల్ని మాత్రమే. దీనికి ఇంకో ఫోన్ బోర్డు పక్కన మూల నుంచి పిల్లల వైపు పెట్టాలి. రెండో ఫోన్ దొరక్కపోతే సగం పీరియడ్ వెనుక నుంచి, సగం ముందు నుంచి తీయండి. చివరిసారి మామూలుగా అన్నీ కలిపి, నోట్స్ రాస్తూ.

మూడోసారి చూసేదాన్ని చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో విలువంతా అక్కడే ఉంది. మీ చేయి ఊపు బాగుందా లేదా అన్నది అద్దం చెప్పదు. మీరు చేయి చూపిన వైపు పిల్లల తలలు తిరిగాయా లేదా అన్నదే చెప్తుంది.

చూపు పంపకానికి ఒక పని చేయండి. కాగితం మీద బెంచీల పటం గీసి, ఐదు నిమిషాల వీడియోలో మీరు ఎవరి వైపు చూసి మాట్లాడితే ఆ బెంచీ మీద ఒక టిక్కు పెట్టండి. మన దగ్గర ఆడపిల్లలు ఒక పక్క, మగపిల్లలు ఒక పక్క కూర్చుంటారు కాబట్టి టిక్కులు ఒక పక్కే పడటం చాలా మామూలు. ముందు వరుసలకు, మధ్య వరుసకు టిక్కులు పోగుపడి వెనుక మూలలు ఖాళీగా మిగలడం ఇంకా మామూలు.

ఫ్లాండర్స్ పద్ధతి సిలబస్‌లో ఉంది కదా అని దాన్నే ఇక్కడ వాడేవాళ్లున్నారు. మూడేసి సెకన్లకోసారి పది వర్గాల్లో ఒకటి గుర్తించే ఆ పట్టిక తరగతిలో మాటల్నే లెక్కిస్తుంది. మీరెంతసేపు మాట్లాడారు, పిల్లలెంతసేపు మాట్లాడారు అన్నదానికి బాగా పనికొస్తుంది. చేతులకి, చూపుకి, నడకకి అందులో చోటు లేదు.

జవాబు: గొంతు_శిక్షణ_వరంగల్

గొంతు వరకు నేను చెప్తాను.

రికార్డింగ్‌లో మీ గొంతు మీకు పరాయిగా, సన్నగా వినపడుతుంది. మాట్లాడేటప్పుడు మన గొంతు గాలి ద్వారానే కాదు, పుర్రె ఎముకల ద్వారా కూడా మన చెవికి చేరుతుంది. ఆ దారిలో వచ్చే మంద్ర ధ్వనులు రికార్డింగ్‌లో ఉండవు. పిల్లలు రోజూ వినేది రికార్డింగ్‌లో ఉన్న గొంతునే, వాళ్లకది వింత కాదు. దాని గురించి జర్నల్‌లో ఒక్క వాక్యం కూడా ఖర్చు పెట్టకండి.

వీడియోలో గొంతు గట్టిగా వినపడిందని వెనుక బెంచీకి వినపడినట్టు లెక్కేయకండి. చిన్న శబ్దం వస్తే ఫోన్ తనంతట తానే పెంచుతుంది, పెద్ద శబ్దం వస్తే తగ్గిస్తుంది. దీన్ని పట్టుకునే కిటుకు ఉంది: మీరు వాక్యం ఆపిన చోట ఫ్యాన్ హోరు గుప్పున లేస్తే, మీ మాటకీ ఫ్యాన్ చప్పుడుకీ పెద్ద తేడా లేదని అర్థం. ఇంకో ఫోన్‌ను చివరి బెంచీ మీద ఆడియో రికార్డర్‌తో పెట్టి వినండి. దూరం రెట్టింపైనప్పుడల్లా నోటి నుంచి నేరుగా చేరే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి ముందు బెంచీ లెక్క వెనుక బెంచీకి పనికిరాదు.

ఇక తెలుగులో పాఠం చెప్పేవాళ్లకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, అవునా కాదా అన్నది ఆ క్రియ చివర వస్తుంది. కొత్తగా చెప్పేవాళ్లకు ఊపిరి అయిపోయేది సరిగ్గా అక్కడే. ఘర్షణ పాఠమే తీసుకోండి: "ఘర్షణ అభిలంబ బలంపై ఆధారపడుతుంది. స్పర్శతల వైశాల్యంపై ఆధారపడదు." రెండు వాక్యాలకీ తేడా "పడుతుంది", "పడదు" దగ్గరే ఉంది. "ఆధార..." దాకా గట్టిగా చెప్పి మిగతాది మింగేస్తే చివరి బెంచీ పిల్లాడు రెండూ ఒకటే అనుకుంటాడు. పరీక్షలో తప్పు రాస్తే వినలేదంటాం. అందుకని శబ్దం మాత్రమే వినేటప్పుడు ప్రతి వాక్యం చివరి మాట స్పష్టంగా వినపడిందా అని టిక్కు, ఇంటూ పెట్టండి. ఇంటూలు ఎక్కువైతే గొంతు పెంచకండి, వాక్యం చిన్నది చేయండి. "ఎందుకంటే", "కాబట్టి" దగ్గర ఆగి ఊపిరి తీసుకోండి. ఊపిరి భుజాలు లేపి కాదు, పొట్ట ముందుకొచ్చేలా తీయాలి. భుజాలు లేస్తున్నాయా అన్నది శబ్దం లేని వీడియోలో కనపడుతుంది.

క్లాసు గోలగా ఉంటే మనకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది, దాని మీద పిల్లలు ఇంకా పెంచుతారు. ఆ పోటీలో గెలిచేది నలభై గొంతులే. మాట ఆపి, మధ్యలోకి నడిచి, రెండు మూడు సెకన్లు నిలబడి, తగ్గించిన గొంతుతో మొదలుపెట్టండి. తగ్గించడమంటే గుసగుస కాదు. గుసగుసలు కూడా స్వరతంత్రుల్ని అలసిపోయేలా చేస్తాయి. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం ఇంకా చెడ్డది, రెండు తంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. దాని బదులు ఒక గుక్క నీళ్లు, లేదా ఊరికే మింగడం.

పొద్దున బడికి పోయే ముందు మూడు నాలుగు నిమిషాలు: పెదాలు మూసి "మ్మ్" అని హమ్ చేయడం, తర్వాత గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు సెంటీమీటర్లు ముంచి దాని గుండా "ఊ" అంటూ బుడగలు రప్పించడం. స్వరతంత్రుల మీద ఒత్తిడి తగ్గించడానికి స్పీచ్ థెరపిస్టులు చేయించేది ఇదే. బోర్డు పొడి డస్టర్‌తో కాకుండా తడిగుడ్డతో తుడిస్తే సుద్దపొడి లేవదు. బొంగురు మూడు వారాలు దాటితే కషాయాలతో కాలం గడపకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోవాలి.

బీఎడ్_ఫిజికల్‌సైన్స్_హనుమకొండ

ఇద్దరికీ థాంక్స్ సార్. వాక్యం చివర్ల సంగతి చూస్తే మొదటి ముక్కలనే దొరికింది. రెండు అనుమానాలు. ఒకటి, "ఓకేనా", "అర్థమైందా" అని నిమిషానికి రెండు మూడుసార్లు అంటున్న, అది ఎట్ల ఆపాలె? రెండోది, కాలేజీల మైక్రో టీచింగ్ (తోటి ట్రైనీలకు చిన్న పాఠం చెప్పి ప్రాక్టీస్ చేసుడు) అప్పుడు చేతులు, గొంతు మంచిగనే ఉన్నయి, బడిల మొత్తం మారిపోయింది. ఎందుకట్ల?

జవాబు: కాజీపేట_స్కూల్‌అసిస్టెంట్

రెండోది ముందు చెప్తా. మైక్రో టీచింగ్ 1963ల అమెరికాల స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీల మొదలైంది. మన దగ్గర నడిచే చక్రం 36 నిమిషాలు: ఆరు నిమిషాలు బోధన, ఆరు ఫీడ్‌బ్యాక్, పన్నెండు మళ్లీ ప్లాన్, ఆరు మళ్లీ బోధన, ఆరు మళ్లీ ఫీడ్‌బ్యాక్. ఎదురుగ కూసునేది ఐదు నుంచి పది మంది, అదీ తోటి ట్రైనీలే పిల్లల్లెక్క. పది మందికి సరిపోయే గొంతు, పది మందికి సరిపోయే చూపు అక్కడ అలవాటైతయి. ఎదుటోళ్లు తలూపుతరు, నవ్వుతరు, అడిగిందానికి టక్కున జవాబిస్తరు. నిజం తరగతిల ఎవరూ తలూపరు. ఆ తలూపు లేకపోయేసరికి చేతులు దగ్గరికి ముడుచుకుంటయి, మాట వేగం పెరుగుతది. కాబట్టి మైక్రో టీచింగ్ వీడియోల ప్రశ్న అడిగే తీరు, ఆగే తీరు చూసుకోండి. గొంతు పెద్దతనం, నడక, చూపు మాత్రం బడి వీడియోలనే చూసుకోవాలె. పైన లెక్చరర్ సార్ ఈ తేడా చెప్పలేదు, నాకైతే ఇది ముఖ్యం.

"అర్థమైందా" సంగతి. నోరు కట్టేసుకుంటే పోదది. దాని తావుల ఇంకోటి పెట్టాలె. "అర్థమైందా" అంటే "అర్థమైందీ సార్" అని పాట వస్తది, దానితోని ఏం తెల్వదు. ఆ చోట చిన్న పని ఇవ్వండి: "ఘర్షణ పెరిగితే వేలు పైకి, తగ్గితే కిందికి. నూనె రాసిన. చూపించండి." ఒక్క చూపుల నలభై మంది సంగతి తెలుస్తది. "ఓకే", "సో" లాంటియి మనం తర్వాతి మాట వెతుక్కునేటప్పుడు వస్తయి. ఆ చోట పెదాలు మూసి ఆగుడు నేర్చుకోవాలె. ఐదు నిమిషాల్ల ఎన్నొచ్చినయో రాసుకోండి, వచ్చే వీడియోల సగమైతే చాలు. సున్నా చేద్దామని పట్టుబడితే పాఠం మీద ధ్యాస పోతది.

ఆగుడంటే ఇంకోటి. ప్రశ్న అడిగినంక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతరని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు అమెరికా సైన్సు తరగతులల్ల గమనించింది. మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగైనయి, "తెల్వదు"లు తగ్గినయి. వీడియోల టైమర్ పెట్టి చూస్కోండి. ఆ మూడు సెకన్లు మీ ఒళ్లు ఏం చేస్తున్నదో కూడ చూడండి. వాచీ చూసినా, డస్టర్ తీసుకున్నా, "చెప్పు చెప్పు" అని చెయ్యి ఊపినా అది ఆగినట్టు కాదు.

బోర్డు దగ్గర: రాసుకుంటనే మాట్లాడుడు పెద్ద రోగం. వీపు తిప్పితే స, శ, త లాంటి హల్లులు ముందు పోతయి, అచ్చులే వెనక్కి వినవడుతయి. భుజం బోర్డుకు, మొఖం సగం పిల్లలకు ఉండేటట్టు వాలుగ నిలబడి రాయాలె. రాసేటప్పుడు నోరు మూసి, రాసినంక తిరిగి మాట్లాడాలె. ఐదు నిమిషాల్ల మీ వీపు ఎన్ని సెకన్లు కనవడ్డదో లెక్కేయండి.

చేతిల బెత్తం గాని, స్కేలు గాని ఉంటే అది చూపించడానికే అయినా పిల్లలు దాన్నే చూస్తరు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 పిల్లల్ని కొట్టుడునే కాదు, మానసికంగ వేధించుడును కూడ నిషేధించింది. టేబుల్ మీద డస్టర్ బాదుడు, ఒక పిల్లగాని మొఖం మీదికి వేలు పెట్టి అడుగుడు, ఇవి వీడియోల కనవడితే మొదలు ఇవే మార్చుకోండి. ఎవరినన్న లేపాలంటే అరచెయ్యి పైకి తెరిచి చూపాలె. అల్లరి చేసే బెంచీ దగ్గరికి మాట ఆపకుండ నడిచిపోయి పక్కన నిలబడితే చాలాసార్లు అంతటితోనే సర్దుకుంటది.

జవాబు: ములుగు_ఎస్‌జీటీ

ఇది హైస్కూల్ సంగతి అయినా, డీఎడ్ చేసేటోళ్లు కూడ చదువుతరని రాస్తున్న. ఏజెన్సీ దిక్కు ఒకటి, రెండు తరగతులల్ల ఇంట్ల కోయ, లంబాడీ మాట్లాడే పిల్లలుంటరు. అర్థం కానప్పుడు మనం చేసే మొదటి పని గొంతు పెంచుడు. వాళ్లకు చెవి వినవడక కాదు, మాట కొత్త. పెంచొద్దు, నెమ్మదిగ చెప్పాలె, చేతితోని చూపాలె. సైగ మాటకంటె కొంచెం ముందన్న, మాటతోనన్న రావాలె. మాట అయిపోయినంక వచ్చిన సైగ పనికిరాదు. "పెద్ద" అనేటప్పుడు చేతులు ఎడం చేసి, మాట అయిపోయినంక కూడ ఒక సెకను అట్లనే ఉంచాలె. వీడియోను సగం వేగంతోని చూస్తే సైగ ముందొచ్చిందా వెనుకొచ్చిందా అన్నది సాఫ్‌గ తెలుస్తది.

గాలిల అక్షరం రాసి చూపేటప్పుడు ఒక తప్పు జరుగుతది. మనం పిల్లల దిక్కు మొఖం పెట్టి రాస్తే వాళ్లకు అది తిరగబడి కనవడుతది, పిల్లలు అట్లనే నేర్సుకుంటరు. వెనక్కి తిరిగి, వాళ్లు చూసే దిక్కే చూసుకుంట రాయాలె. ఫోన్ పిల్లల వెనుక ఉంటెనే ఇది దొరుకుతది. సెల్ఫీ కెమెరాతోని తీస్తే కొన్ని ఫోన్లల్ల బొమ్మ అద్దంల లెక్క తిరగబడుతది, తప్పు రాసినా ఒప్పే కనవడుతది. వెనుక కెమెరానే వాడుండ్రి.

చిన్నపిల్లలకు చెప్పేటప్పుడు నిలబడి కిందికి వంగి మాట్లాడుతరు చాలమంది. మోకాళ్ల మీద కూసోని కండ్లు వాళ్ల కండ్లకు సమానం చేస్తే గొంతు దానంతట అదే తగ్గుతది.

అనుమతి సంగతి ఎవరూ చెప్పలేదు. హెచ్ఎం దగ్గర రాతపూర్వకంగ తీసుకోవాలె, తల్లిదండ్రుల సంతకం కూడ తీసుకోవాలె. 2023 డిజిటల్ పర్సనల్ డేటా చట్టంల 18 ఏండ్ల లోపల ఉన్నోళ్లంత పిల్లలే, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల ఒప్పుదల కావాలంటది. కాగితం తెలుగుల, నాలుగు లైన్లల్ల ఉండాలె: ఎందుకు తీస్తున్నం, ఎవరు చూస్తరు, ఎప్పుడు తీసేస్తం. ఒప్పుకోనోళ్ల పిల్లను క్లాసు బయట కూసోవెట్టుడు కాదు, ఫ్రేమ్‌కు బయట ఉన్న బెంచీల కూసోవెట్టాలె. వాట్సాప్ స్టేటస్‌ల, గ్రూపులల్ల పెట్టుడు ఎంత మాత్రం వద్దు. పిల్లగాడు తప్పు జవాబు చెప్పిన ముక్క ఊర్ల తిరిగితే వాడు మళ్ల నోరు తెరవడు.

బీఎడ్_ఫిజికల్‌సైన్స్_హనుమకొండ

అనుమతి కాగితం రేపే రాస్త సార్. ఆఖరుది: వీడియో ఒక్కదాన్నే చూసుకోవాల్నా, దోస్తుతోని చూడాల్నా? జర్నల్‌ల ఒక్కో వీడియోకు ఎంత రాయాలె?

జవాబు: మెథడ్_లెక్చరర్

కాజీపేట సార్ చెప్పిన మైక్రో టీచింగ్ తేడా సరైనదే, నేను రాయాల్సింది.

మొదటిసారి ఒక్కరే చూడండి. రెండోసారి అదే బడిలో ఉన్న తోటి ట్రైనీతో. చూసేవాళ్లు ముందు మాట్లాడకూడదు. ఎవరి వీడియో అయితే వాళ్లే ఒక చోట ఆపి "ఇక్కడ నేను ఇట్లా చేశాను, నువ్వు పిల్లల్లో ఏం చూశావ్?" అని అడగాలి. "బాగుంది", "బాలేదు" వద్దు, కనపడిందే చెప్పాలి. వీడియో వాళ్లకు పంపాల్సి వస్తే వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, అది బొమ్మను నలిపేస్తుంది, కళ్లు, పెదాలు తెలియవు. ఒకే ఫోన్‌లో కలిసి చూడటమే మేలు, ఫైలు ఎక్కడికీ పోదు కూడా.

వీడియోకి ఒక్కటే లక్ష్యం. గొంతు, చూపు, నడక, చేతులు అన్నీ ఒకేసారి మారుద్దామంటే పాఠం కట్టెలా అవుతుంది. 2014 ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నిబంధనల ప్రకారం రెండేళ్లలో ఉన్న 20 వారాల బడి అనుభవంలో 16 వారాలు రెండో సంవత్సరంలోనే ఉంటాయి. రెండు వారాలకో లక్ష్యం పెట్టుకున్నా సమయం సరిపోతుంది. లక్ష్యం మారే ముందు అదే లక్ష్యం మీద మళ్లీ ఒక వీడియో తీసి, అదే లెక్క మళ్లీ వేయాలి. ఈ రెండో లెక్క లేని జర్నల్‌కు నేనైతే పూర్తి మార్కులు వేయను.

రాత ఒక పేజీ దాటక్కర్లేదు. నమూనా ఇస్తున్నాను, అంకెలు ఊహించినవి:

"పాఠం: ఘర్షణను ప్రభావితం చేసే అంశాలు, 8వ తరగతి. చూసిన ముక్క: 12:10 నుంచి 15:30. పాఠం అయ్యాక అనుకున్నది: పిల్లలకు వైశాల్యం సంగతి తెలిసింది. వీడియోలో కనపడింది: 18 వాక్యాల్లో 7 వాక్యాల చివరి మాట వెనుక బెంచీ ఆడియోలో వినపడలేదు. అందులో 'ఆధారపడదు' రెండుసార్లు ఉంది. ఆ 7లో 5 బోర్డు మీద రాస్తూ చెప్పినవి. 14:05 దగ్గర వెనుక వరుసలో ముగ్గురు పక్కవాళ్ల నోట్సు చూశారు. కారణం: రాయడం, చెప్పడం ఒకేసారి, వాక్యాలు పొడుగు. మార్పు: రాశాక తిరిగి, ఒక ఊపిరికి ఒక వాక్యం. మళ్లీ చూసేది: 9వ తేదీ 8బి సెక్షన్, ఇవే మూడు నిమిషాలు."

సెక్షన్ మారితే పిల్లల సంఖ్య, గది రెండూ మారతాయి కాబట్టి రెండో లెక్క పక్కన అవి కూడా రాయండి. రోడ్డు పక్క గదా, ఫ్యాన్లు ఎన్ని తిరుగుతున్నాయి అన్నదీ రాయండి. మార్కులు పడ్డాక వీడియోలు ఫోన్‌లోనూ, క్లౌడ్ బ్యాకప్‌లోనూ రెండు చోట్లా తీసేయండి, అనుమతి కాగితంలో రాసిన తేదీకల్లా.